తలనీలాలకు ముందు ఆపిన గోలి

హనుమండ్లు నోరు మూసుకుని కూర్చున్నది జీవితంలో ఒక్కసారే, అదీ పక్షవాతం వచ్చినప్పుడు. మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్ళూ, రిటైరయ్యాకా ఆయన నోటిని ఆపగలిగినవాళ్ళు లేరు. పెళ్ళయిన నాటి నుంచి "జరసేపు సప్పుడు చేయకుండ ఉండయ్యా" అని మొత్తుకున్న భార్య బాలలక్ష్మే, మాట పడిపోయిన రోజున ఆస్పత్రి వరండాలో కూలబడి కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. మాట తిరిగొస్తే మనిషిని తెచ్చి తలనీలాలు ఇప్పిస్తానంది.

మాట తిరిగొచ్చింది. మొదట నత్తినత్తిగా, తర్వాత వాగు పొంగినట్టు. కరీంనగర్‌లో వైద్యం చేసిన డాక్టర్ ప్రణతి అప్పుడే విడమరచి చెప్పింది.

"పెద్దమ్మా, ఈయన గుండె లయ తప్పి కొట్టుకుంటున్నది. అట్లయితే లోపల నెత్తురు నిలిచి గడ్డ కడుతది. ఆ గడ్డ మెదడుకు పోయి పక్షవాతం వచ్చింది. మళ్ళ రావద్దంటే నెత్తురు గడ్డ కట్టకుండ చూసే ఈ గోలి పొద్దున, రాత్రి ఏసుకోవాలె. మంచిగైంది గదా అని ఆపొద్దు."

బాలలక్ష్మి ఆపలేదు. గోలీలన్నీ ఒలిచి ఆయన చేతిలో పోసేది. ఆయన వాటి వంక చూడకుండానే మింగేవాడు. "నువ్వు పెట్టినదాన్ని సూసుకుంట మింగితే నమ్మకం లేనట్టే గదనే" అనేవాడు.

తీరా మొక్కు రోజు దగ్గరపడ్డాక పక్కింటి కిష్టవ్వ వచ్చి అనుమానం పెట్టిపోయింది. "గా గోలి ఏసుకునేటోళ్ళకు కత్తి గీసుకుంటే నెత్తురు ఆగదంట. అంజన్న కాడ నెత్తురు కారితే మొక్కు చెల్లుతదా?"

బాలలక్ష్మి గుండెలో రాయి పడింది. డాక్టరమ్మకు ఫోన్ చేద్దామనుకుంది కానీ మొక్కుల సంగతి చెబితే నవ్వుతుందేమోనని మొహమాటపడింది. దేవుడి పనికి దేవుడే తోడుంటాడని ధైర్యం చెప్పుకుని మొక్కు తీరేదాకా ఆ ఒక్క గోలిని పక్కన పెట్టింది. మిగతావి ఎప్పటిలాగే చేతిలో పోసింది. ఆయన ఎప్పటిలాగే మింగాడు.

కొండగట్టులో తలనీలాలిచ్చే చోట జనం వరుసలో ఉన్నారు. హనుమండ్లు ముందున్న మనిషిని పట్టుకుని, బాయిలో తన సద్దిగిన్నె మీద కన్నేసిన ఎలుక కథ మొదలుపెట్టాడు. ఎలుక గిన్నె మూత దగ్గరికి వచ్చేసరికి మాట ముద్దగా అయింది. మూతి ఒక పక్కకు జారింది. చేతిలోని కొబ్బరికాయ కిందపడి దొర్లిపోయింది.

బాలలక్ష్మికి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. ఆటోను పిలిచి, ఇద్దరి సాయంతో ఆయన్ని ఎక్కించి కరీంనగర్ పొమ్మంది. సగం దారిలో ఆయన మూతి సర్దుకుంది.

"కొబ్బరికాయ ఏదే?" అన్నాడు. "మంచిగైంది. వాపస్ పోదాం పా."

"నోరు మూసుకొని కూసో!" అని అరిచింది. అన్నాక తనేమన్నదో చెవిన పడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆస్పత్రిలో పరీక్షలయ్యాక డాక్టర్ ప్రణతి అడిగింది. "గోలీలు ఏసుకుంటున్నవా?"

"ఒక్క పూట తప్పలే డాక్టరమ్మా. మా ఆమె చేతిల పోస్తది."

అబద్ధం ఆడటానికి అంతకన్నా మంచి అదను దొరకదు. బాలలక్ష్మి ఆడలేదు. "నేనే ఆపిన. తలనీలాల కాడ కత్తి తగుల్తదని భయపడ్డ. మొక్కు సంగతి అడిగితే నవ్వుతవనుకున్న."

డాక్టర్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "దాచకుండ చెప్పినవు, మంచిగ చేసినవు. పక్షవాతం ఈసారి వచ్చిపోయింది, ఇంకోసారి పోకపోవచ్చు. కత్తి గీరితే శుభ్రమైన బట్టతోని గట్టిగ అదిమిపట్టు, జర ఆలస్యంగనైనా ఆగుతది. గోలి ఆపాలనిపిస్తే ముందుగాల నన్నడుగు. మొక్కుకైనా సరే, నేను నవ్వను."

హనుమండ్లు కోప్పడతాడని బాలలక్ష్మి తల దించుకుంది. ఆయన మాత్రం, "గింత ఫికర్ ఒక్కదానివే మోసినవానే?" అన్నాడు.

ఒంట్లో కుదుటపడి, డాక్టరమ్మ సరేనన్నాక మళ్ళీ కొండగట్టు వెళ్ళారు. ఆ పొద్దున ఆయన మొదటిసారి అరచేతిలోకి చూశాడు. "గా గోలి ఉన్నదా?"

"ఉన్నది."

క్షురకుడు దాదాపు పని ముగిస్తుండగా చెవి వెనక కత్తి గీరింది. ఎర్రటి చుక్క ఉబికి మెడ మీదికి జారింది. బాలలక్ష్మి సంచిలోంచి ఉతికిన బట్ట తీసి, మడిచి గట్టిగా అదిమింది. ఆయనకు ఇదేమీ పట్టలేదు. మొన్న ఆగిపోయిన చోటి నుంచి ఎలుక కథ క్షురకుడికి చెప్పడం అందుకున్నాడు. ఆ కథ ఆమె ఎన్నిసార్లు విందో అంజన్నకే తెలుసు. అంజన్నకూ, డాక్టరమ్మకూ, ఆ చిన్న గోలికీ మనసులోనే దండం పెట్టుకుంటూ బట్ట మీద వేళ్ళు సడలించలేదు.

చాలాసేపటికి బట్ట తీసి చూసింది.

"ఆగిందా?" అని కథ ఆపి అడిగాడు.

"నెత్తురు ఆగింది. నువ్వు ఆగకు" అంది బాలలక్ష్మి. "మూత కాడికి వచ్చింది గదా, మల్ల ఏం జేసింది?"