గుట్ట మీది నీళ్లు

వెలిమెలలో కౌసల్యమ్మకు అరెకరం ద్రాక్షతోట ఉంది. భర్త లింగం పటాన్‌చెరు ఫ్యాక్టరీలో డ్యూటీకి పోతాడు గనక బోరు బాధ్యత ఆమెదే. శ్రీశైలం ఎడమగట్టున కొత్త కరెంటు యంత్రాలు బిగిస్తున్న కాలం అది. గుత్తులు ఊరే ఆ ఎండల్లో కరెంటు తనకు తోచినప్పుడు వచ్చేది, తోచినప్పుడు పోయేది. వచ్చినప్పుడు నీళ్లు ఎక్కువై పొర్లిపోయేవి. కావలసినప్పుడు చుక్క ఉండేది కాదు.

తోట వెనక గుట్ట మీద, రాయి కొట్టి వదిలేసిన గుంత ఒకటుంది. కరెంటున్నప్పుడు మిగులు నీళ్లు అందులోకి ఎక్కించి, లేనప్పుడు పైపుతో దించుకుంటే ఎట్లుంటుందని ఆమె అడిగింది. లింగం ఒప్పుకోలేదు. ఎక్కించడానికి కరెంటు దండగ, ఎక్కినవి ఎండకూ రాళ్లకూ పోతాయన్నాడు. అతని మాటలో అబద్ధమేమీ లేదు.

లైన్లు చూడటానికొచ్చిన ఇంజనీరు త్రినాథరావును ఆమె ఇదే అడిగింది. శ్రీశైలంలో బిగిస్తున్నవి అలాంటి యంత్రాలేనని ఆయన చెప్పాడు. వాడకం లేని వేళ కరెంటుతో నీటిని పైకి తోడి, గిరాకీ వేళ వదిలి మళ్లీ కరెంటు పుట్టిస్తాయట.

"పది యూనిట్లు పంపితే ఏడో ఏడున్నరో తిరిగొస్తుందమ్మా. మిగతాది పోయినట్టే."

"పోయేది తెలిసి గూడ చేస్తరా సారూ?"

"చేస్తాం. ఎవరికీ అక్కర్లేని పదికన్నా, అందరికీ కావలసిన వేళ దొరికే ఏడుకే విలువ."

సాయంత్రం ఆమె లింగానికి ఆ మాటే చెప్పింది. "ఏడన్నా మిగుల్తయ్ గద. తీగలకు దూపైనప్పుడు ఆ ఏడే కావాలె."

లింగం సగం మనసుతోనే పాత పైపులు తెచ్చాడు. గుంత పగుళ్లలో ఇద్దరూ నల్లమట్టి దట్టించారు. మొదట నిండిన నీళ్లు తెల్లారేసరికి బాగా దిగిపోయాయి. మళ్లీ మట్టి దట్టించాక ఇంకడం తగ్గింది.

గుంత నిండిన కొన్నాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది ఎప్పుడొస్తుందో ఆఫీసులో ఎవరూ చెప్పలేకపోయారు. ఆకులు వాలడం మొదలైంది. ఇద్దరూ గుట్టెక్కి పైపు గుంతలోకి వదిలారు. కింద చుక్క రాలేదు. లింగం తలపట్టుకుని రాయి మీద కూలబడ్డాడు.

పైపులో గాలి చిక్కిందని ఆమెకు అనుమానమొచ్చింది. అతన్ని కిందికి పంపి కొసకు గుడ్డ బిగించి పట్టుకోమంది. పైకొసలో బిందెలతో నీళ్లు పోస్తూ, బుడగలు ఆగేదాకా ఉండి, ఆ కొసను అరచేత్తో మూసి గుంతలో ముంచి చెయ్యి తీసింది. గుడ్డ తియ్యమని కేకేసింది. మొదట ఎర్రటి బురద చిమ్మింది. తర్వాత కాలువలో సన్నగా, ఆపై నిండుగా నీళ్లు పారాయి.

"వస్తున్నయే," అన్నాడు లింగం.

ఆమె దిగొచ్చి తడిమట్టిలోనే కూర్చుండిపోయింది. పక్క తోట యాదన్న గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. అడగలేక ఆగాడని తెలిసి, తమ తోటకు తడి అయినంక పైపు తిప్పుకొమ్మని ఆమే చెప్పింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేనాటికి గుంత అడుగున బురద మిగిలింది. గుత్తులు కాస్త చిన్నవైనా రెండు తోటలూ నిలిచాయి. లారీ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను దించుతుంటే ఊరంతా చూడటానికి పోయింది. కౌసల్యమ్మ మాత్రం పందిరి నీడలో కొంగు పరుచుకుని హాయిగా నిద్రపోయింది.