చారులో వెయ్యొద్దు

ఆ సీసా మీద అబిగయీలు చేతిరాత ఉంది. "విత్తనం. చారులో వెయ్యొద్దు." నా కోసం రాసిందే. రెండేళ్ళ కిందట ఆమె చర్చి కూడికకు వెళ్ళిన రోజు నేను ఆ సీసాలో అప్పుడున్న ధనియాలు దంచి చారు పెట్టాను. మరునాడు సీసాకు ఈ కాగితం అతికించి ఉంది.

అబిగయీలు నా భార్య. మార్చిలో పోయింది. ఇప్పుడు సీసాలోవి ఆమె ఈ జనవరి కొత్తిమీర నుంచి ఎండబెట్టి దాచిన గింజలు. ఆమె పోయేనాటికి సీసా నిండుగా ఉంది. సెప్టెంబరు వచ్చేసరికి అడుగున ఒక గుప్పెడు మిగిలాయి. మిగతావి నేను పాడు చేశాను.

మాది విడవలూరు మండలంలో ఒక ఊరు. సముద్రం దగ్గరే, చుట్టూ రొయ్యల గుంటలు. రొయ్యలకు ఐసు వేసి పంపే థర్మోకోల్ పెట్టెలు ఇక్కడ ఎక్కడైనా దొరుకుతాయి. అబిగయీలు అలాంటివి ఆరు తెచ్చి, అడుగున చిల్లులు పెట్టి, వసారాలో కొత్తిమీర పెంచేది. వేసవిలో కూడా పెరిగేది. ఎలా అని నేను ఎప్పుడూ అడగలేదు.

నా పేరు సమాధానం. హైస్కూల్లో సైన్సు చెబుతాను. గింజ మొలకెత్తడానికి నీరు, గాలి, తగిన వేడి కావాలని ఏడో తరగతికి ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను.

మొదటిసారి చల్లినవి మొలవనే లేదు. ధనియం ఒక కాయ, లోపల రెండు గింజలుంటాయి, నలిపి విడదీయాలి అని మా బడిలో తెలుగు మాష్టారు పద్మనాభయ్య గారు చెప్పారు. "చెప్పు కింద వేసి రుద్దండి సమాధానం గారూ, అందరూ చేసేది అదే." ఆమె గింజల మీద చెప్పు పెట్టలేకపోయాను. ఏడో తరగతి పుస్తకం అట్టతో నలిపాను. రెండోసారి మొలిచాయి. రెండేసి ఆకులు వేసి, అంచులు మాడి, పడిపోయాయి. ఎండ ఎక్కువైంది అన్నారు పద్మనాభయ్య గారు. పెట్టెలు నీడకు జరిపాను. మూడోసారీ అంతే. నీళ్ళు ఎక్కువయ్యాయి అన్నారు. నాలుగోసారి ఆయన్ను అడగలేదు. గొర్రెల ఎరువు కలిపి చల్లాను. మళ్ళీ రెండాకులు, మళ్ళీ అంచులు మాడటం. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. బూజు అనుకుని గీకేశాను.

కొట్లో ధనియాలు దొరుకుతాయని నాకు తెలుసు. ఇద్దరు ముగ్గురు ఆ మాట అన్నారు కూడా.

రెండో శనివారం, బడి లేదు. చేపల మాలకొండమ్మ గంపతో గేటు దగ్గర ఆగింది. అబిగయీలు ఆమెకు గుప్పెడు కొత్తిమీర కోసి ఇస్తే ఆమె రెండు కానాగంత చేపలు ఎక్కువ వేసేది. చాలా ఏళ్ళు అలా జరిగింది. నేను చేపలు కొనడం లేదు. అయినా ఆమె వారం వారం ఆగుతుంది, ఏదో ఒకటి అని పోతుంది.

"ఏం సారూ, మళ్ళీ చంపేసినారా?"

పడిపోయిన మొలకలు ఏరుతున్నాను. ఆమె గంప దించింది.

"అక్క ఉన్నప్పుడు గేటుకాడికి వాసనొచ్చేది. ఇప్పుడు చూస్తే పిల్లోళ్ళు ఆడుకునే ఇసక మాదిరుండాది."

"నలిపి చల్లాను. ఎరువు వేశాను. రోజూ నీళ్ళు పోస్తున్నాను. ఇంకేం చెయ్యాలో తెలియడం లేదు," అన్నాను. ఆరు నెలల్లో ఆమెతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

"ఏం నీళ్ళు?"

"బోరు నీళ్ళు. ఆమె పోసినవే."

"అక్క బోరు నీళ్ళు పోసిందని ఎవురు చెప్పినారు మీకు?"

"చూశాను కదా. రోజూ పొద్దున్నే పెరట్లోంచి నీలం బక్కెట్ మోసుకొచ్చేది. కుళాయి అక్కడే ఉంది."

"కుళాయి ఒకటేనా సారూ అక్కడుండేది?"

ఆమె నా వంక జాలిగా చూసింది. వెనకబెంచీ పిల్లవాడి వైపు నేను చూసే చూపు అది.

"ఏసీ పైపు లేదా? గుంటలొచ్చినాక మన బోర్లన్నీ ఉప్పు గదా. గేదె గూడా మూతి తిప్పుకుంటాది, కొత్తిమీర తాగుద్దా? అక్క ఆ పైపు కింద బక్కెట్ పెట్టేది. తెల్లారేతలికి నిండేది. అవే పోసేది. మీ ఇంట్లో సంగతి మీకు తెలవదా?"

పెట్టె అంచున మిగిలిన తెల్లటి పొరను వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పే.

అబిగయీలు జనవరిలో కూడా ఏసీ వేసేది. నాకు చల్లగాలి పడదు, తుమ్ములు. లేచి ఆపేసేవాణ్ణి. నేను నిద్రపోయాననుకుని ఆమె మళ్ళీ వేసేది. మూడు జనవరులు అలా గడిచాయి. మొండితనం అని ఒకసారి అన్నాను, పిల్లలను మందలించే గొంతుతో. ఆమె నవ్వి అటు తిరిగి పడుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు," అన్నాను.

"చెప్తే మీరేం చేసుండేవాళ్ళు? పాఠం చెప్పుండేవాళ్ళు."

మార్చి నుంచి ఆ ఏసీ నడవలేదు. ఆ గదికి తాళం వేశాను. హాల్లో ఫ్యాను కింద పడుకుంటున్నాను. నా మంచం గేటు దగ్గరికి కనిపిస్తుంది.

"తాగే క్యాన్ నీళ్ళు పోస్తే సరిపోతుంది కదా," అన్నాను.

మాలకొండమ్మ గంప నెత్తికెత్తుకుంది. "సరిపోద్ది సారూ. ఆ గదిలోకి పోకండా ఉండేదానికి బాగా సరిపోద్ది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కానాగంతలు కావాల్నా?"

వద్దన్నాను.

"కొత్తిమీర లేకండా ఎట్టా వండుతార్లే," అని వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. ముందు ఆమె మీద, తరువాత అబిగయీలు మీద. మధ్యాహ్నం దాకా తగ్గలేదు. క్యాన్ నుంచి చెంబు నింపుకుని పెట్టెల దగ్గరికి వెళ్ళాను. అందులో తప్పేమీ లేదు. ఆ నీళ్ళకు కూడా గింజలు మొలుస్తాయి. అయినా చెంబులో నీళ్ళు నేనే తాగేశాను.

మూడు గంటలకు గది తాళం తీశాను. రిమోట్ ఆమె దిండు పక్కనే ఉంది. బ్యాటరీ మూత ఊడకుండా ఆమె చుట్టిన రబ్బరు బ్యాండు అలాగే ఉంది. కిటికీలు మూసి మీట నొక్కాను. ముందు దుమ్ము వాసన వచ్చింది.

పెరట్లో పైపు మూతికి సాలీడు గూడు కట్టింది. తీసేశాను. నీలం బక్కెట్ గోడ దగ్గర బోర్లించి ఉంది. బోరు నీళ్ళతో కడిగితే ఉప్పు మిగులుతుందని క్యాన్ నీళ్ళతో కడిగి పైపు కింద పెట్టాను. పన్నెండు నిమిషాలకు మొదటి చుక్క పడింది. గడియారం చూశాను, అలవాటు.

ఖాళీ గదిలో ఏసీ నడపకూడదు. ఆమెకు ఎన్నోసార్లు నేను చెప్పిన మాటే. హాల్లోంచి దిండు, దుప్పటి తెచ్చుకుని మంచం మీద నా వైపు పడుకున్నాను.

సాయంత్రం ఆరు గంటలకు లేచి చూస్తే బక్కెట్‌లో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళున్నాయి. పెట్టెల్లో పాత మట్టి రేపు ఆరాధన అయ్యాక మారుస్తాను. మిగిలిన గుప్పెడూ సోమవారం చల్లుతాను. సగమే చల్లి సగం దాచాలేమో. ఇంకా తేల్చుకోలేదు.

మళ్ళీ వచ్చి పడుకోగానే తుమ్ములు మొదలయ్యాయి. రిమోట్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. దుప్పటి మెడ దాకా లాక్కున్నాను.