తుప్పు పట్టించడం రాని మేస్త్రి

కార్ల షెడ్డులో రంగులేసే మేస్త్రి చెయ్యి పడితే లారీ గుద్దిన కారు కూడా పెళ్లికొడుకై బయటికొస్తుందని పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది.

ఆయన భార్య అన్నగారికి బొమ్మ రైళ్ల పిచ్చి. గది నిండా పట్టాలు పరిచాడు. చదివి తెచ్చుకున్న పట్టాలు మాత్రం పెట్టె అడుగున పడేశాడు. వచ్చే ఆదివారం బొమ్మ రైళ్ల ప్రదర్శన. తన ముద్దుల ఇంజను మరీ నిగనిగలాడుతోందనీ, ఏళ్ల తరబడి బండ చాకిరీ చేసినట్టు మసీ తుప్పూ కనిపించేలా రంగు వేసేవాడే దొరకడం లేదనీ భోజనాల దగ్గర వాపోయాడు. పాతదాన్ని కొత్తగా చేయడం కష్టంగానీ కొత్తదాన్ని పాతగా చేయడానికేముంది, కాలం ఊరికే చేసే పనేగా అని మేస్త్రి నోరు జారాడు. డబ్బాలో రంగు కలపడం కన్నా డబ్బా కొట్టడం ఎప్పుడూ సులువే.

"అయితే ఇదిగో బావా, నా ప్రాణం నీ చేతిలో పెడుతున్నా. పాడుచేశావో, మా చెల్లెలి మొహం చూసి కూడా ఊరుకోను," అని బావగారు ఇంజను అప్పగించాడు.

ఒకరి ప్రాణం మీద ప్రయోగాలు చేయకూడదు కదా. ముందు చెయ్యి తిరగాలంటే చవక రైళ్లు కావాలి. బొమ్మల దుకాణంలో ధర విన్నాక, ఆ డబ్బుతో నిజం రైల్లోనే ఇంటిల్లిపాదీ కిటికీ పక్కన కూర్చుని వెళ్లి రావచ్చనిపించింది. పక్కింటి పిల్లల్ని విరిగిన రైలుంటే ఇవ్వమన్నాడు. అప్పటిదాకా మంచం కింద పడి ఉన్న రైలు మీద వాళ్లకి హఠాత్తుగా ప్రేమ పుట్టుకొచ్చింది. చివరికి పాత సామాన్ల కొట్లో, ఆగిపోయిన ఫ్యాన్ల వెనక ఒక గంప దొరికింది. చక్రాల్లేనివి, పొగగొట్టం ఊడినవి, తలా తోకా లేనివి. కొట్టువాడు తూకానికే ఇచ్చేశాడు.

మేస్త్రి సాధన మొదలుపెట్టాడు. అయితే పని తెలిసిన చెయ్యి చెప్పిన మాట వినదు. రంగు వేసే ముందు గరుకు కాగితంతో రుద్దింది. సొట్ట కనబడితే లప్పం పెట్టింది. తుప్పు మరక దిద్దుదామంటే ఆ మరకనే తుడిచేసింది. మసి పూసి మారేడుకాయ చేయబోతే మసి పోయి అద్దం మిగిలింది. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

సిగ్గుపడుతూ దాన్ని కొట్టుకు పట్టుకెళితే, కొట్టువాడు తీసుకుని బదులుగా రెండు విరిగినవి చేతిలో పెట్టాడు.

"ఒక్కసారికే వచ్చేస్తుందా మేస్త్రిగారూ? ఇంకోటి ప్రయత్నించండి," అని కుర్చీ కూడా వేశాడు.

ఎంత మంచివాడో అని మేస్త్రి ఇంట్లో తెగ మెచ్చుకున్నాడు. ఇంత మంచితనం మీద అనుమానమొచ్చి భార్య శనివారం పొద్దున్నే అటు వెళ్లింది. మొగుడి ఓటములన్నీ ముందు అరలో 'కొత్త సరుకు' అన్న అట్ట కింద తళతళలాడుతున్నాయి. కొనేవాళ్లు తోసుకుంటున్నారు.

ఇంటికొచ్చి సంగతి చెప్పింది. ప్రదర్శన రేపే. మేస్త్రి తల పట్టుకు కూర్చున్నాడు. బావగారికి మొహం ఎలా చూపించాలి?

భార్య చూపు ఆయన మొహం మీద లేదు, ప్యాంటు మీద ఉంది. పని మధ్యలో కుంచె తుడుచుకునే తొడ దగ్గర మసి, తుప్పు, జిడ్డు, చమురు చారలు పొరలు పొరలుగా ఉన్నాయి.

"దీనికి ఎన్ని రైళ్ల మీద సాధన చేశారండీ?" అని అడిగింది.

మేస్త్రి మొదటిసారి తన ప్యాంటు వంక చూసుకున్నాడు. తుడిచేటప్పుడు ఆయన ఏనాడూ అటు చూడలేదు. చూస్తేగా బాగుచేయడానికి.

గంపలో మిగిలిన ఒక్క ఇంజన్నీ ఆవిడ ఆయన తొడకు తాడుతో కట్టి, కిందికి చూస్తే ఒప్పుకోనని షెడ్డుకు తోలింది. అక్కడ లారీ అడుగుభాగానికి నలుపు, ఇటుక రంగు పూతలు వేయాలి. వేశాడు, తుడుచుకున్నాడు, వేశాడు, తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ ఇంజను దేశాలు తిరిగొచ్చినట్టయింది. సాయంత్రం దాని చోటికి బావగారి ప్రాణం ఎక్కింది.

ప్రదర్శనలో బావగారు కళ్లు తుడుచుకున్నాడు. ఇంజన్ని చెంపకు ఆనించుకున్నాడు, ముద్దు కూడా పెట్టుకున్నాడు. ఏం చేశావు బావా అని అడిగాడు. మేస్త్రి నిజం చెప్పబోతే భార్య కాలు తొక్కింది.

"తొడగొట్టి చెప్తున్నా బావా, అంతా సాధనే," అన్నాడు మేస్త్రి.

జనం చప్పట్లు కొట్టారు. కొట్టని చేతులు పాత సామాన్లవాడివే. ఆ మసి ఇంజన్ని ఎగాదిగా చూసి, మేస్త్రి భుజం మీద చెయ్యేసి, పోయినవాళ్లింటికి వచ్చినవాడిలా గొంతు తగ్గించాడు.

"నేర్చేసుకున్నారన్నమాట. కానివ్వండి, ఏం చేస్తాం."