రొట్టె వంకతో

జూలై వచ్చిందంటే ఆ మెట్ట మీద మగవాళ్ళందరికీ రొట్టె మీద ప్రేమ పుట్టుకొస్తుంది. మిగతా కాలమంతా పెళ్ళాం తెచ్చి ముందు పెడితే తినేవాళ్ళే. లావెండర్ పూల కోత దగ్గరపడేసరికి మాత్రం పొద్దున్నే వ్యాన్ తీసి రొట్టెకని బయలుదేరతారు. రొట్టెల అంగడి చర్చి పక్కనే ఉంది. నడిచి పోవచ్చు. వీళ్ళు మెట్టంతా చుట్టి, ప్రతి చేను దగ్గరా బండి నెమ్మది చేసి, ఓరకంట చూసుకుంటూ పోతారు. ఎవరు కోత పెట్టారు, ఎవరు పెట్టలేదు, అదీ కావలసింది. నోరు తెరిచి అడగడం మాత్రం లేదు. అడిగితే పరువు పోతుంది. అందరికంటే ముందు కోసినవాడు తొందరపడ్డ వెర్రివాడు. ఆఖరున కోసినవాడు సోమరి. అందుకని అందరూ మధ్యలో దూరాలని చూస్తారు.

ఒడెట్‌కి ఈ తంతు చూస్తే ఒళ్ళు మండేది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ మండుతూనే ఉంది. ఈ ఏడు మరీ మండింది. ఎగువ చేను ఆమెది. తండ్రి ఇచ్చిన రాళ్ళ నేల. అందులో ముళ్ళు తప్ప ఏమీ రావని మొగుడు గస్పార్ కొట్టిపారేస్తే, తనే రాళ్ళు ఏరింది, తనే మొక్కలు నాటింది. మొక్క కుదురుకుని నిండుగా పూసింది ఈ ఏడే. తొలి పంట.

పువ్వు సగం వాడిన వేళకి కోయాలి. అత్తరుకు పోయే నూనె అప్పుడే ఉంటుంది. ఆ వేళ దాటి, పైన ఉత్తరం నుంచి కొట్టే మిస్ట్రాల్ గాలి కూడా లేచిందంటే, ఎండిన పువ్వు నేల రాలి ఉత్త కాడలు మిగులుతాయి. కాడలు వేసుకుని నూనె బట్టీకి పోతే నవ్వుతారు.

చేను నీలం నుంచి బూడిదకి తిరుగుతోంది. ఆ మాట ఒడెట్ మొగుడికి చెప్పింది. విన్నాడు. క్లోవిస్ ఇంకా కోయలేదన్నాడు. మర్నాడు మళ్ళీ చెప్పింది. క్లోవిస్ ఇంకా కోయలేదన్నాడు.

క్లోవిస్ ముసలాయన. అతని చేను పెద్ద రోడ్డు పక్కనే, అందరికీ కనిపించేలా ఉంటుంది. అతను కోత పెట్టాడంటే మర్నాడు మెట్టంతా కోత. అతని లెక్క ఎప్పుడూ తప్పలేదని అంటారు. తప్పితే మెట్టంతా కలిసే తప్పింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ పొద్దున గస్పార్ వ్యాన్ తాళాలు తీసుకుంటుంటే ఒడెట్ ముందే ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికే?" అన్నాడు.

"రొట్టెకి. నేనూ తింటాను కదా."

గస్పార్ గొణుక్కుంటూ బండి తీశాడు. మలుపు దగ్గర పక్క చేను లూసియన్ వ్యాన్ ఎదురైంది. ఇద్దరూ స్టీరింగ్ మీంచి రెండేసి వేళ్ళు లేపారు. ఇద్దరూ అతి ముఖ్యమైన పని మీద పోతున్నవాళ్ళలా మొహాలు పెట్టారు. లూసియన్ సీటు పక్కన రొట్టె కూడా లేదు.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కీచురాళ్ళు ఆగకుండా అరుస్తున్నాయి. రోడ్డు పొడుగునా చూడవచ్చిన వాళ్ళ కార్లు అడ్డదిడ్డంగా పెట్టి ఉన్నాయి. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ సాళ్ళ మధ్య వెల్లకిలా పడుకుని ఫోటో తీయించుకుంటోంది. తేనెటీగ వాలితే లేచి గంతులేసింది. పనీపాటా లేని జనమనీ, పువ్వు ముఖం ఎన్నడూ చూడనట్టు ఎగబడతారనీ గస్పార్ తిట్టడం మొదలెట్టాడు.

"వాళ్ళే నయం," అంది ఒడెట్. "పువ్వు చూడ్డానికే వచ్చామని ఒప్పుకుంటారు."

గస్పార్ గేరు మార్చాడు.

క్లోవిస్ చేను వచ్చింది. ఒక్క సాలు కూడా కోయలేదు. గస్పార్ మొహం విప్పారింది. చూశావా, నీ తొందర నీదేనని అన్నాడు. ఒడెట్ ఆ చేను వంక చూసింది. పువ్వు ఎప్పుడో తిరిగిపోయింది. దగ్గరికి పోతే గింజ కనిపించేట్టు ఉంది. దీన్ని చూస్తూనా, రోజూ చూస్తూనా వీళ్ళు ఆగారు అనుకుంది. బండి ఆపమంది. ఆపితే బాగుండదన్నాడు. ఒడెట్ తలుపు తెరిచింది. గస్పార్ గబుక్కున బ్రేక్ తొక్కాడు.

క్లోవిస్ బాదం చెట్టు నీడన కుర్చీ వేసుకుని నీళ్ళ గొట్టానికి అతుకు వేస్తున్నాడు. ఒడెట్ నేరుగా వెళ్ళి ఎదుట నిలబడింది.

"పెద్దాయనా, నువ్వింకా కోత ఎందుకు పెట్టలేదు?"

ముసలాయన చేతిలో పని ఆగింది. బతుకు మొత్తం మీద ఆ ప్రశ్న అతన్ని అడిగినవాళ్ళు లేరు. తలెత్తి ఆమెనీ, వెనక వ్యాన్‌లో గస్పార్‌నీ చూశాడు.

"మనవరాలికి పట్నంలో ఫోటోల కొట్టుందమ్మా," అన్నాడు. "ఎవరో పెళ్ళికూతురికి ఈ చేను చూపించి మాటిచ్చేసిందిట. శనివారం వస్తారు. కొయ్యొద్దు తాతా అంది. సరే అన్నాను. దీన్లో నూనె ఎప్పుడో పోయింది. పోతే పోనీ."

గొట్టం కింద పెట్టి, అతనే అడిగాడు.

"అది సరేగానీ, మీరంతా ఎందుకాగారు? రోజూ వచ్చి పోతూనే ఉన్నారు. ఏదో తెలిసే ఆగారనుకున్నా."

వ్యాన్ అద్దం దించే ఉంది. గస్పార్ చెవులు ఎర్రబడ్డాయి.

తిరుగుదారిలో గస్పార్ రొట్టెల అంగడి దగ్గర కూడా ఆగలేదు. ఎల్లుండి కోద్దామన్నాడు. ఎల్లుండి ఎందుకంది. ఇవాళే కోస్తే, క్లోవిస్‌ని అడిగొచ్చి కోశామని లూసియన్ అనుకుంటాడన్నాడు. ఒడెట్ మొగుడి వంక చూసింది. ఇంత వయసొచ్చిన మనిషి, తెలివితక్కువ మాట ఇంత గంభీరంగా అంటుంటే ఆమెకి కోపం కూడా రాలేదు. బయట రోడ్డు పక్క పొడుగు చెట్ల కొసలు ఉత్తరం గాలికి కొద్దికొద్దిగా వంగుతున్నాయి. ఆమె ఆ కొసలే చూస్తూ కూర్చుంది.

ఇంటికి రాగానే ట్రాక్టర్‌కి కోత యంత్రం తనే తగిలించింది. గస్పార్ గుమ్మంలో నిలబడ్డాడు. అన్నం తిని పొమ్మన్నాడు. వినలేదు.

ఎగువ చేను పై సగం అప్పటికే చేయి దాటింది. యంత్రం తగిలిన చోటల్లా పువ్వు పొడిలా రాలింది. తను ఏరిన రాళ్ళ మీద, తన కళ్ళ ముందే రాలింది. ఒడెట్ ట్రాక్టర్ ఆపకుండా, తల దులుపుకోకుండా కిందికి దిగింది. కింది సగంలో పువ్వు ఇంకా కాడని పట్టుకునే ఉంది. పొద్దు వాలేదాకా అక్కడే కోసింది. వాలు మీద ఆమె ట్రాక్టర్ మెట్టంతటికీ కనిపించింది. అంతే, నాలుగు వైపులా యంత్రాలు ఒక్కసారే లేచాయి. ఎవరి చేను వాళ్ళు చూసుకుని కాదు. ఒడెట్‌ని చూసి.

గాలి రాత్రే లేచింది. మర్నాడు బట్టీ దగ్గర బళ్ళు వంతెన దాకా వరస కట్టాయి. సగం బళ్ళలో ఎక్కువ కాడలే. అందరికంటే ముందు ఒడెట్ బండి. గస్పార్ వరస వెంట తిరుగుతూ, చేతులు ఊపుతూ చెబుతున్నాడు. కోసెయ్యాలని తనకి నిన్న పొద్దున్నే తోచిందనీ, గాలి వాసన పట్టాననీ. లూసియన్ తలూపుతున్నాడు. మిగతావాళ్ళూ ఊపుతున్నారు. వాళ్ళకి తలూపడం బాగా వచ్చు.

బట్టీవాడు పెద్ద కాగు మూత తీశాడు. పంట అందులోకి గుమ్మరించారు. ఆవిరి పెట్టేముందు ఒకరు లోపలికి దిగి గట్టిగా తొక్కాలి, లేకపోతే ఆవిరి సందుల్లోంచి పోయి నూనె దిగదు. అది కూలీల పని. చేను గలవాళ్ళు దిగరు. బట్టీ కూలీ చెప్పులు విప్పుతుంటే ఒడెట్ చేయి అడ్డం పెట్టింది.

"గస్పార్," అని వరస వైపు పిలిచింది. "నువ్వు దిగు."

వరసలో తలలన్నీ అటు తిరిగాయి. గస్పార్ నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

"గాలి వాసన పట్టావు కదా. ఇప్పుడు దీని వాసన పట్టు."

ఎవరో కిసుక్కుమన్నారు. గస్పార్ బూట్లు విప్పాడు. నిచ్చెన ఎక్కి లోపలికి దిగి, కాగు అంచు పట్టుకుని తొక్కడం మొదలెట్టాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుంది. పువ్వు పొడి మీసాల నిండా పడింది. కాసేపటికి రొప్పుతూ తల పైకెత్తాడు.

"చాలా?"

ఒడెట్ కాగులోకి తొంగి చూసింది. తొలి పంట అక్కడ మోకాళ్ళ ఎత్తుకు అణిగి ఉంది. నిండా ఉండాల్సింది.

"ఇంకా తొక్కు," అంది.