నా పేరు మీది రేడియేషన్

ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లు ఛాతీ మీద ఒక బ్యాడ్జి పెట్టుకోవాలి. ఒంటి మీద ఎంత రేడియేషన్ పడిందో అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే లెక్క కట్టి చెప్తారు. జనగామలో నేను పనిచేసే ప్రైవేటు దవాఖానలో అలాంటివి రెండే ఉన్నాయి, ఒకటి నాది, ఒకటి వెంకన్నది. ఇన్నేళ్లలో నాకు ఏ పేచీ రాలేదు. సకల జనుల సమ్మె నడిచిన రోజుల లెక్కలో మాత్రం నా బ్యాడ్జి మీద మామూలు కంటే ఎన్నో రెట్లు పడిందని వచ్చింది.

వెంకన్న ఆ కాగితం చదివి నా ముఖంలోకి చూశాడు. ఎందుకు చూశాడో అర్థమై నాకు ఒళ్లు మండింది.

సమ్మెలో మేమిద్దరం ఎక్స్‌రే గదికి తాళం వేసి, తాళంచెవి డాక్టరుకిచ్చి, చౌరస్తాలోని టెంటులో కూర్చున్నాం. మధ్యాహ్నం నమాజుకు మాత్రం నేను ఇంటికి పోయి వచ్చేదాన్ని. వెంకన్న ఇప్పుడు అక్కడే తవ్వడం మొదలుపెట్టాడు.

“షబీనక్కా, ఇంటికని పోయినప్పుడు జర దవాఖానకు గిట్ల పోయినవా?”

“పోంగ నువ్వు చూసినవా?”

“నేను చూడలే. బ్యాడ్జి చెప్తున్నది గద.”

“మరి నీదేంది, ఏం చెప్తలేదు?”

“నాది నా సంచిలనే ఉండె. నీదేడున్నది?”

నాది తెల్లకోటుకే ఉండిపోయిందని చెప్పాను. ఆ కోటు గది బయట మేకుకు వేలాడింది. గది బయట ఉన్నదాని మీద అంత ఎట్లా పడుతుంది? నా మాట నాకే అబద్ధంలా వినిపించింది.

సమ్మె ముగిసినా చౌరస్తా టెంటులో రిలే దీక్షలు నడుస్తూనే ఉన్నాయి, సాయంత్రానికి కథ అక్కడి దాకా పాకింది. నేను కూర్చోగానే పక్కనున్న ఆడవాళ్లు జరిగి కూర్చున్నారు. ఛాయ్ అందరికీ ఇచ్చి నా దగ్గరికి వచ్చేసరికి కెటిల్ ఖాళీ అయ్యింది. రాస్తారోకోలో వీళ్ల పక్కన నిలబడి లాఠీదెబ్బ తిన్న మనిషిని నేను! దొంగతనంగా మెషిన్ నడిపి సమ్మెను అమ్ముకున్నానని అనుకుంటున్నారు.

నాకూ అందరి మీదా అనుమానమే. వెంకన్నే నడిపి నా మీదికి తోశాడా? డాక్టరు తీరు ఇంకా వింతగా ఉంది. “పోనీలే షబీనా, ఎవరు నడిపితేనేం, రోగులకు మంచేగా” అన్నాడు. నా తరఫున మాట్లాడినట్టే మాట్లాడి నేరం నాకే అంటగట్టాడు.

తెల్లారి వెంకన్నను లాక్కుపోయి ఆ మేకు ముందు నిలబెట్టాను. ఆయా యాకమ్మ అక్కడ నేల తుడుస్తోంది.

“అవ్వా, సమ్మెల నా కోటును ఎవరన్న ముట్టిండ్రా?”

యాకమ్మ గుడ్డ పక్కన పెట్టింది. “కోటును ముట్టలే బిడ్డా. దానికున్న బిళ్ళ తీసిన. నేనే.”

“ఎందుకు?”

“మీరు లేరని డాక్టరు సారే ఎక్స్‌రే బటన్ నొక్కిండు. పిల్లలు కదులుతరని నన్ను లోపల పట్టుకొమ్మన్నడు. ఎవ్వరికి చెప్పకన్నడు. ఒక్కదాన్నే లోపలుండాలంటె భయమైంది. మీరు బిళ్ళ లేంది లోపలికి పోరు గద. బిళ్ళ ఉంటె ఏం కాదని జాకెట్‌కు పెట్టుకున్న. పని అయినంక మల్ల గాడనే పెట్టిన.”

వెంకన్న తల దించుకున్నాడు. “తప్పయింది అక్కా. టెంటుల నేనే చెప్త” అన్నాడు. నా పేరు నాకు దక్కింది.

“ఎక్కువ వచ్చిందా బిడ్డా బిళ్ళల?” యాకమ్మ అడిగింది.

“ఎక్కువనే వచ్చిందవ్వా.”

ఆమె ముఖం విప్పారింది. “మంచిగైంది. గంత బిళ్ళే గుంజుకున్నదంటె నా మీద ఏం పడనట్టే గద?”

వెంకన్న కిటికీ వైపు తిరిగాడు. చెప్పాల్సింది నేనే.

“బిళ్ళ గుంజుకోదవ్వా. నీ మీద ఎంత పడ్డదో చెప్తది, అంతే.”

యాకమ్మ జాకెట్ మీద చెయ్యి పెట్టుకుంది. “నా మీద పడ్డది నీ పేర్ల ఎందుకు రాసిండ్రు మరి?”

“నీ పేరు మీద బిళ్ళ లేదవ్వా.”

“ఎందుకు లేదు?”

నేను వరండాలోకి వచ్చాను.

“సార్, జర ఇట్ల రాండ్రి! యాకమ్మవ్వ ఒక మాట అడుగుతున్నది!” అని దవాఖానంతా వినబడేటట్టు కేక పెట్టాను.