వానపుస్తకం పొలిమేర దాటింది

ఎర్రదిన్నెలో కుళ్లాయప్ప నమ్మే మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ కుళ్లాయప్పే. కొట్లో పప్పు తూస్తే తక్కెడను అనుమానిస్తాడు, దారిలో పలకరిస్తే పలకరింపును అనుమానిస్తాడు. ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే ముందు వాడి చేతుల్లో ఏముందో చూడాలంటాడు. ఇప్పుడు చూడ్డానికి ఆయనకు కళ్లు లేవు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కళ్లకు నీటికాసుల జబ్బు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్నైనా కాపాడుకోమని నాలుగేళ్ల కిందట అనంతపురంలో డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. ఆ ఉన్నది కూడా మెల్లగా జారిపోయింది. వెలుగు తెలుస్తుంది, నీడ తెలుస్తుంది, ఎదురుగా మనిషి నిలబడితే తెలుస్తుంది. అక్షరం మాత్రం తెలియదు. ఈ సంగతి భార్య మారెక్కకు తప్ప నరమానవుడికి తెలియదని ఆయన నమ్మకం, తెలియనివ్వకూడదని పంతం. ఎందుకంటే ఆ ఊరికి వానపుస్తకం చదివేది ఆయనే.

వాన మొహం చాటేసిన ఏడు ఆంజనేయస్వామి గుడి ముందు ఒక శనివారం సాయంత్రం ఆ పుస్తకంలోని భారత పర్వం చదివిస్తే మేఘం దిగివస్తుందని ఆ వైపు ఊళ్లన్నిటికీ ఒక నమ్మిక. ఎర్రదిన్నెలో ఆ చదివే పీట కుళ్లాయప్పది. అంతకు ముందు ఆయన నాయనది. పద్యం రాగం తీసి, ఆగి, అర్థం విప్పి చెబుతుంటే ఊరు కిమ్మనకుండా వింటుంది. చూపు పోయిందని తెలిస్తే పీట పోతుంది. పీట పోతే కుళ్లాయప్ప అరుగు మీద కూర్చునే ఇంకో ముసలాడు, అంతే.

పుస్తకం మాత్రం ఎవరింట్లోనూ ఉండదు. ఒకరింట్లో పెడితే వాన ఆ ఇంటి సొత్తవుతుందని వెనకటికి పెద్ద గొడవే జరిగింది. అందుకని ఆనాటి పెద్దలు దాన్ని ఊరి లైబ్రరీలో అద్దాల బీరువాలో పెట్టించారు. అది అందరిదీ కాబట్టి తాళం వద్దన్నారు. కట్టుబాటు ఒక్కటే పెట్టారు: ఆ పుస్తకం పొలిమేర దాటకూడదు. దాటితే దాని వెంట వానా దాటుతుంది.

పద్యాలన్నీ కుళ్లాయప్ప నోటికి వచ్చు. అయితే అంత పెద్ద పర్వంలో ఏ ఘట్టం వెనక ఏ ఘట్టం వస్తుందో ఆయనకు చెప్పేది బొటనవేలు. ఎలుక కొరికిన మూల తగిలితే ఒక ఘట్టం, నూనె మరక గరుకు తగిలితే ఇంకొకటి, చింతగింజల జిగురుతో అతికించిన పుట తగిలితే మరొకటి. చూపు మసకేస్తున్నప్పుడే ముందుచూపుతో ఆ గుర్తులన్నీ తడిమి తడిమి నేర్చుకున్నాడు. వేరే ప్రతి తెచ్చి చేతిలో పెడితే ఆయన పని ఖతం.

ఈ ఏడు శెనక్కాయ చేలు పూత మీదున్నాయి. పూత నుంచి ఊడ దిగి కాయ కట్టాలంటే నేల మెత్తబడాలి, నేల చూస్తే కాలిన పెంకులా ఉంది. శనివారం చదివించాలని ఊరు తీర్మానించింది. గురువారం పొద్దున కుళ్లాయప్ప చేతికర్ర తాటించుకుంటూ, కానుగ చెట్టు నీడ పట్టుకుని లైబ్రరీకి పోయాడు.

ఆయన రోజూ పోయే చోటే అది. పేపరు ముందేసుకుని, చదివినట్టు తలాడిస్తూ కూర్చుంటాడు. ఆయన అదృష్టం కొద్దీ అక్కడికి వచ్చేవాళ్లెవరూ నోరు మూసుకుని చదివే రకం కాదు. ఒకరు శెనక్కాయ ధర గట్టిగా చదువుతారు, ఒకరు వాన కబురు చదువుతారు. కుళ్లాయప్ప అన్నీ చెవిన వేసుకుని, సాయంత్రం అరుగు మీద తానే చదివినట్టు దంచుతాడు. పైగా వాళ్లనే విసుక్కుంటాడు. "ఏమప్పా వీరేషా, బడిపిల్లోని మాదిరి అట్ల అరస్తావేమి? మనసులో చదువుకోను రాదా?" అంటాడు. "అలవాటైపోయింది మామా" అంటాడు వీరేష్.

కానీ కొన్నాళ్లుగా అక్కడ ఏదో నడుస్తోందని ఆయనకు గట్టి అనుమానం. తాను గడపలో కాలు పెట్టగానే మాటలు ఆగిపోతాయి. కుర్చీ జరుగుతుంది. ఎవరో గుసగుసగా "ఈపొద్దు నీది" అంటారు. ఆ వెనకే ఎవరో గొంతు సవరించుకుంటారు. ఏమిటి నీది? ఎవరి మీద పన్నుతున్నారు?

ఆ గురువారం కూడా "ఈపొద్దు నీదే కృపా" అన్న గుసగుస ఆయన చెవిన పడింది. వినిపించుకోనట్టు బీరువా తెరిచి రెండో అరలో చెయ్యి పెట్టాడు. చేతికి చెక్క తగిలింది. అర చివరిదాకా తడిమాడు. పుస్తకం లేదు.

"అమ్మా, వానపుస్తకం యాడుండాది?"

లైబ్రరీ చూసే సరళ గుంతకల్లు పిల్ల, రైల్వే ఉద్యోగి కూతురు. రోజూ బస్సులో వచ్చిపోతుంది. "భద్రంగా ఉంది తాతా. శనివారానికి మీ చేతికిస్తా" అంది.

"శనివారం మాట నేనడగలేదు. ఇప్పుడు యాడుండాదంటాండా."

"ఉంది తాతా... ఉంది." ఆ పిల్ల రిజిస్టరు పుటలు గబగబా తిప్పసాగింది.

కుళ్లాయప్ప మారు మాట్లాడకుండా కర్ర తాటించుకుంటూ బయటపడ్డాడు. ఇంటికొచ్చి మారెక్కను చీకటి వంటింట్లోకి పిలిచాడు. "కనిపెట్టినారే. నా కండ్ల సంగతి కనిపెట్టే పుస్తకం దాచినారు. కొత్తది చేతికిచ్చి, నలుగుర్లో నా పరువు తీయాలని చూస్తాండారు."

"నీకి కండ్లు మసకేసినాయి గానీ అనుమానానికి మాత్రం చూపు పెరిగింది" అంది మారెక్క రొట్టె తడుతూ. "దాచి వాళ్లేం కట్టుకుంటారు?"

"వీరేష్‌గానికి పీట కావాల. వాళ్ల నాయన కూడా దానికే ఆశపడె. ఆ కృపాకుమారి ఉండాదే, డిగ్రీ చదివి కలుపుకు పోతాండే పిల్ల, ఎప్పుడూ ఆ బీరువా దగ్గరే నిలబడ్తాది. చర్చికి పోయే పిల్లకు వానపుస్తకంతో ఏం పని?"

మారెక్క రొట్టె తిప్పింది గానీ జవాబివ్వలేదు. ఆ మౌనాన్ని కూడా ఆయన అనుమానించాడు.

పుస్తకం పోయిందని చెప్పకుండా ఉండలేడు. ఎందుకు పోయిందో తాను అనుకున్నది చెప్పలేడు. అందుకని టీ అంగడి దగ్గర నెపం ఇంకో దిక్కుకు తోశాడు. "కొట్టాలోళ్లు ఏమన్నా చేసినారేమో" అన్నాడు, అంతే. పక్క ఊరు కొట్టాలలో పోయిన వారమే ఒక పదును వాన పడింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే ఊరు ఎర్రదిన్నె. మన వానను కొట్టాలోళ్లు పుస్తకంతో సహా ఎత్తుకపోయినారని సాయంత్రానికి ఊరంతా ఒక్కటే మాట. శుక్రవారం లైబ్రరీకి ఎప్పుడూ ఉండే సెలవే, కానీ ఆ రోజు తలుపుకున్న తాళం చూసి ఊరు అనుమానాన్ని రూఢి చేసుకుంది.

శనివారం పొద్దునకు లైబ్రరీ ముందు మోటారు సైకిళ్లు ఉరుముతున్నాయి. కొట్టాలకు పోయి తేల్చుకోవాలని పడుచువాళ్ల పట్టు. కొందరి చేతుల్లో కర్రలు నేలకు తగులుతున్న చప్పుడు కుళ్లాయప్ప చెవులకు తెలిసింది. నోరు జారిన మాటను వెనక్కి తీసుకుందామంటే నాలుక రాదు. అంతలో బస్సు వచ్చి ఆగింది.

"కొట్టాలోళ్లు తీయలేదు, నేనే తీసినా" అంది సరళ పుస్తకంతో దిగుతూనే, బండ్లను చూసి అడలిపోయి. "కుట్టు ఊడిపోయి పుటలు రాలిపోతాంటే గుంతకల్లులో బైండింగుకు ఇచ్చినా. పొలిమేర దాటకూడదని ఇచ్చినాకే నాకు తెలిసింది. చెప్పడానికి భయమేసింది."

"వాననే ఊరు దాటించినావా తల్లీ!" అని ఎవరో అరిచారు. నలువైపుల నుంచీ కేకలు లేచాయి. చివరికి ఒక గొంతు అందరినీ అణచింది. "ఉండండప్పా! కుళ్లాయప్ప మామ చూసి చెప్పనీ. పుటలన్నీ ఉండాయో లేదో, అది చదవను పనికొస్తాదో లేదో. మామ సరేనంటే సరే."

పుస్తకం ఆయన చేతుల్లోకి వచ్చింది. నున్నటి కొత్త అట్ట. కొత్త జిగురు వాసన. అంచులన్నీ సమంగా కత్తిరించేశాడు ఆ బైండింగు మహానుభావుడు. కుళ్లాయప్ప బొటనవేలు పుట పుటకూ దేవులాడింది. ఎలుక కొరికిన మూల లేదు. అతుకు లేదు. ఏదీ లేదు. ఊరంతా తన మొహంలోకే చూస్తోందని తెలుస్తోంది. ఏదో ఒకటి చేయాలి కనక, కళ్ల ముందుకు ఎత్తి పట్టుకుని, చదువుతున్నట్టు మొదటి పద్యం అందుకున్నాడు.

ఒక చెయ్యి వచ్చి పుస్తకాన్ని మెల్లగా తీసుకుని, తిప్పి, మళ్లీ ఆయన చేతుల్లో పెట్టింది. "తలకిందులుగా ఉండాది తాతా" అంది కృపాకుమారి, ఆయనకు మాత్రమే వినిపించేలా.

నవ్వు కోసం కాచుకున్నాడు కుళ్లాయప్ప. ఎవరూ నవ్వలేదు. అదే ఆయన్ను నిలువునా కుంగదీసింది. నవ్వలేదంటే అందరికీ ముందే తెలుసన్నమాట.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"రెండేండ్లాయ మామా" అన్నాడు వీరేష్ దగ్గరికొచ్చి. "నువ్వు పాత పేపరు ముందేసుకొని తలాడిస్తాంటివే, ఆ పొద్దు నుంచి."

"మరి ఈపొద్దు నీది, ఈపొద్దు నీది అని గుసగుసలేమి? నన్ను పెట్టి ఆడుకున్నారా?"

"వంతు మామా. బోరు నీళ్లకు వంతులు పెట్టుకోమా, అట్ల. నీకు చదివి ఇనిపించే వంతు."

కుళ్లాయప్పకు ముందు కోపమే వచ్చింది. మారెక్క కూడా వీళ్లతో కలిసిందేమోనన్న అనుమానం కూడా వచ్చింది. అంతలో కృపాకుమారి అంది: "లోపల గోడ మీద బోర్డు ఉండాది తాతా. నీకు గుర్తులేదా?"

గుర్తొచ్చింది. నీలం రేకు, తెల్ల అక్షరాలు. నిశ్శబ్దముగా చదువుకొనవలెను. కళ్లున్న రోజుల్లో గోల చేసినవాళ్లను దాని కింద నిలబెట్టి గదమాయించింది తానే.

"నేను వచ్చిన కొత్తలో గట్టిగా చదవొద్దన్నా. ఎందుకో చెప్పినాక ఊరుకున్నా" అంది సరళ కళ్లు తుడుచుకుంటూ. "మీరు వెళ్లిపోయినాక అక్కడ ఎవ్వరూ పెదవి కదపరు తాతా."

ఈ రెండేళ్లూ తాను విసుక్కున్న ఆ అరుపులన్నీ ఒక్కసారిగా ఆయన చెవుల్లో మళ్లీ మోగాయి. శెనక్కాయ ధర, వాన కబురు, గుంతకల్లు రైళ్ల సంగతి, అన్నీ. ఏడుపొచ్చింది. పదిమందిలో ఏడ్చాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని గొంతు ఎత్తాడు.

"కొట్టాలోళ్ల మాట నేను పుట్టించింది. వాళ్లకేం తెల్దు. బండ్లు ఇండ్లకు తోలండప్పా. పుస్తకం పొలిమేర దాటింది, మళ్లా వచ్చింది. ఆడ దాన్ని చదివినోడు లేడు. చదవకపోతే అది కుట్టిన కాగితాలే. చదివిన చోటే వాన."

సాయంత్రం గుడి ముందు పీట మీద కుళ్లాయప్పే కూర్చున్నాడు. పక్కన కృపాకుమారి. ఎవరో సణిగితే, "మేఘం గుడి దిక్కు చర్చి దిక్కు చూసి కురస్తాదా? పుట తిప్పు తల్లీ. ఏ ఘట్టమో చెప్పు, మిగతాది నా నోటికి వదిలెయ్" అన్నాడు. వాన పడిందా అంటారా, అది ఆకాశాన్ని అడగండి. ఊరు మాత్రం కిమ్మనకుండా వింది.

మర్నాడు పొద్దున ఆయన లైబ్రరీ గడపలో కాలు పెట్టగానే మామూలుగా కుర్చీ జరిగింది, గుసగుస లేచింది. "ఈపొద్దు ఎవరిది?"

"ఈపొద్దు నాది" అన్నాడు కుళ్లాయప్ప. పేపరు ముందుకు లాక్కోలేదు. చేతికర్ర గోడకు ఆనించి, పర్వంలో తనకు ఇష్టమైన పద్యం అందుకున్నాడు. అందరూ పేపర్లు మడిచి పక్కన పెట్టారు. రెండేళ్లలో ఆయన ఉండగా ఆ గదిలో ఇంకెవరూ నోరు మెదపకపోవడం అదే మొదలు. ఆ నిశ్శబ్దాన్ని మాత్రం ఆయన అనుమానించలేదు.