వడ్డీ కడితే చాలన్నాడు

నా కొడుకును ముంచింది నా బావమరిది గిరిప్రసాద్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

వాడికి పుత్తూరులో ఫోన్ల అంగడి ఉంది. బ్యాంకు క్రెడిట్ కార్డులు ఇప్పిస్తే కమీషను వస్తుంది. తిరుపతి లాడ్జిలో గుమాస్తాగా ఉన్న నా కొడుకు భానుచందర్‌కు ఒకటి అంటగట్టాడు. నెలనెలా కనీస మొత్తం కడితే చాలు, మన ఊరి వడ్డీ మాదిరే అని చెప్పాడు.

మా ఊళ్లో వడ్డీ తప్పకుండా కట్టేవాడు మర్యాదస్తుడు. అసలు ఎప్పుడిస్తావని వాణ్ణి ఎవరూ అడగరు. భాను ఇదీ అంతే అనుకున్నాడు. ఫ్రిజ్ కొన్నాడు, బండి కొన్నాడు. వాళ్లమ్మ ఆసుపత్రి ఖర్చు కూడా ఆ కార్డు మీదే గీకాడు. ఆమె దక్కలేదు. వాడు మాత్రం ఆ కనీసం కడుతూనే ఉన్నాడు. మిగిలినదానికి వడ్డీ, ఆ వడ్డీకి మళ్లీ వడ్డీ. చివరికి ఆ కనీసమే జీతాన్ని మించిపోయింది. అప్పుడు తప్పాడు.

బ్యాంకు వసూలు వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. మోగినప్పుడల్లా భాను ఫోనును బోర్లా పెట్టేవాడు. వాడు ఎత్తకపోతే నాకు చేసేవారు. గురువారం ఇంటికే వస్తామన్నారు. ఆ రోజు నా భార్య సంవత్సరీకం. చుట్టాలంతా వాకిట్లో ఉంటారు.

"నేను ఎగ్గొట్టలేదు నాయనా. నెలనెలా కట్టినా గదా," అన్నాడు భాను.

గిరి అంగడికి వెళ్లాను. సంతకం పెట్టేముందు చదువుకోవాల్సింది అన్నాడు. టీ తెప్పించాడు. నేను తాగలేదు.

మా మామిడి తోటకు అప్పుడే పూత వచ్చింది. మూడేళ్ల కాపును వ్యాపారి జయరావుకు, అతను చెప్పిన ధరకే ఇచ్చేశాను. బుధవారం బాకీ కట్టేశాం. ఇక ఎవరూ రారని బ్యాంకులో చెప్పారు. నేను నమ్మలేదు.

గురువారం పొద్దుటి నుంచి రోడ్డు మీద ఏ చప్పుడైనా నా చూపు వాకిలి వైపే. అయ్యవారి మంత్రం ఒక్కటీ చెవికెక్కలేదు. ఒక బండి వచ్చి ఆగింది. దిగింది గిరి.

విస్తరి ముందు కూర్చుని, నలుగురికీ వినపడేలా అడిగాడు. "కార్డు సంగతి యాడికొచ్చింది బావా? నా మీద కోపంగా ఉండాదా?"

వాడి విస్తట్లో వడ వేశాను.

"ఇది మీ అక్క పేరున పెట్టిన కూడు. తిను. ఆ సంగతి నేనింక ఎప్పుడూ ఎత్తను. నువ్వూ ఎత్తొద్దు."